శాఖాపరమైన శిక్షపై కోర్టుకు వెళ్లడం ఎలా: ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగు ఉద్యోగులకు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లోనూ, మహారాష్ట్ర వైపు సిరొంచ, రాజురా, కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ ప్రాంతాల్లోనూ ప్రభుత్వ కొలువు చేస్తున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీరిలో ఎవరికైనా ఇంక్రిమెంట్లు ఆగినా, హోదా తగ్గినా, ఉద్యోగమే పోయినా ఇంట్లో మొదట వినిపించే మాట "కోర్టులో తేల్చుకుందాం" అన్నదే. కోర్టుకు వెళ్లే హక్కు నిస్సందేహంగా ఉంది. అయితే అక్కడ ఏది తేలుతుందో, ఏది తేలదో ముందుగా తెలియకపోవడం వల్ల న్యాయం తమవైపు ఉన్నవారు కూడా ఓడిపోతున్నారు. ఆ నష్టం జరగకుండా చూసుకోవడం ఎలాగో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోర్టు చూసేది ఏమిటి

శాఖాపరమైన శిక్షను హైకోర్టు గానీ, ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే ట్రైబ్యునల్ గానీ పరిశీలించేటప్పుడు అది అప్పీలు వినడం లేదని, నిర్ణయం ఎలా జరిగిందన్నదే పరిశీలిస్తోందని సుప్రీంకోర్టు 1995లో బి.సి. చతుర్వేది కేసులో స్పష్టం చేసింది. అంతకు చాలా ముందే, 1963లో, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ నుంచి వెళ్లిన శ్రీరామారావు కేసులోనూ ఇదే చెప్పింది. కాబట్టి "సాక్షి అబద్ధం చెప్పాడు, నా మాటే నమ్మాలి" అన్న వాదనకు అక్కడ చోటు ఉండదు. క్రిమినల్ కేసులో లాగా సందేహానికి తావులేని రుజువు కూడా శాఖాపరమైన విచారణలో అవసరం లేదు. జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపించేటంత సాక్ష్యం ఉంటే చాలు.

కోర్టు జోక్యం చేసుకునే సందర్భాలు కొన్ని ఉన్నాయి. శిక్ష వేసిన అధికారికి ఆ అధికారమే లేకపోవడం, సర్వీసు నిబంధనల్లోని విధానాన్ని తప్పడం, మీ మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకపోవడం, అసలు ఏ సాక్ష్యమూ లేకుండా నిర్ధారణకు రావడం, ఏ వివేకవంతుడూ ఆ సాక్ష్యం మీద ఆ నిర్ధారణకు రాలేనంత అసంబద్ధంగా ఉండడం, కక్షతోనో సంబంధంలేని కారణాలతోనో చర్య తీసుకోవడం, తప్పుకూ శిక్షకూ పొంతన లేకపోవడం అటువంటివి. 2014లో గుణశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టులు చూడదగినవీ చూడకూడనివీ విడివిడిగా చెప్పింది. మీ న్యాయవాదితో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆ తీర్పును పక్కన పెట్టుకుని, మీ ఫిర్యాదుల్లో ఏది ఏ కోవకు వస్తుందో గుర్తించండి. ఏ కోవకూ రానిదాన్ని, అది ఎంత బాధాకరమైనదైనా, పిటిషన్‌లో పెద్దది చేయకపోవడమే మంచిది.

ఒడిశా ఉద్యోగులు తప్పక తెలుసుకోవలసిన పాత తీర్పు మరొకటి ఉంది. అది ఒడిశా రిజిస్ట్రేషన్ శాఖకు చెందిన విద్యాభూషణ్ మహాపాత్ర కేసు. 1962లో అందులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, అభియోగాలు అనేకం ఉండి వాటిలో కొన్ని నిలవకపోయినా, మిగిలిన ఒక్క గంభీరమైన అభియోగం ఆ శిక్షకు చట్టప్రకారం సరిపోయేదైతే ఉత్తర్వు నిలుస్తుంది. అయిదు అభియోగాల్లో నాలుగింటిని కూల్చి, అయిదోదాన్ని వదిలేసిన పిటిషన్ వల్ల ప్రయోజనం ఉండదన్నమాట. ప్రతి అభియోగానికీ విడిగా జవాబు ఉండాలి.

ఉత్తర్వు అందిన వెంటనే

ఉత్తర్వు అందిన తేదీని దానిపైనే రాసి సంతకం చేయండి, కవరును కూడా దాచండి. అప్పీలు గడువు ఆ తేదీ నుంచే లెక్కకు వస్తుంది. తరువాత ఉత్తర్వును నాలుగు కోణాల నుంచి చదవాలి.

మొదటిది సంతకం. రాజ్యాంగం 311(1) అధికరణ ప్రకారం, మిమ్మల్ని నియమించిన అధికారి కంటే కింది స్థాయివారు మిమ్మల్ని డిస్మిస్ చేయడానికీ తొలగించడానికీ వీల్లేదు. నియామక ఉత్తర్వు తీసి రెండు సంతకాల హోదాలనూ పోల్చి చూడండి.

రెండోది శిక్ష పేరు. ఇంక్రిమెంట్ నిలుపుదల చిన్న శిక్షే కదా అని చాలామంది వదిలేస్తారు. కానీ దానికి శాశ్వత ప్రభావం ఉంటుందని, అంటే ఆ నష్టం తరువాతి జీతానికీ పింఛనుకూ కొనసాగుతుందని ఉత్తర్వులో ఉంటే అది పెద్ద శిక్ష కిందికి వస్తుందని 1990లో కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సాక్షులను పిలిచి పూర్తి విచారణ జరపకుండా, కేవలం సంజాయిషీ తీసుకుని అటువంటి శిక్ష వేయడం చెల్లదు. నా అంచనాలో కింది స్థాయి ఉద్యోగులు ఎక్కువగా చేజార్చుకుంటున్న అవకాశం ఇదే.

మూడోది విచారణ నివేదిక. శిక్ష వేయకముందే ఆ నివేదిక ప్రతిని మీకు ఇచ్చి, దానిపై మీ అభిప్రాయం తీసుకోవాలని 1993లో హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. ఉద్యోగి కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిర్దేశించింది. అయితే ప్రతి ఇవ్వలేదన్నంత మాత్రాన ఉత్తర్వు దానంతటదే రద్దు కాదు. ఆ ప్రతి అంది ఉంటే మీరు ఏమి చూపగలిగేవారో, అందకపోవడం వల్ల ఏమి నష్టపోయారో పిటిషన్‌లో చెప్పాలి. విచారణాధికారి మిమ్మల్ని నిర్దోషి అని రాసినా పై అధికారి ఏకీభవించకుండా శిక్ష వేసిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు తాను ఎందుకు విభేదిస్తున్నాడో ముందుగా తెలిపి, మీ జవాబు విన్న తరువాతే నిర్ణయానికి రావాలని మహారాష్ట్ర నుంచి వెళ్లిన యోగినాథ్ బాగ్డే కేసులో 1999లో తీర్పు వచ్చింది.

నాలుగోది కారణాలు. ఉత్తర్వులో లేని కారణాన్ని తరువాత కోర్టులో అఫిడవిట్ ద్వారా జోడించడం కుదరదని మొహిందర్ సింగ్ గిల్ కేసు ఎప్పుడో తేల్చింది. మీ పాత తప్పులను ప్రస్తావించి శిక్ష పెంచి ఉంటే, ఆ విషయం మీకు ముందే తెలియజేశారో లేదో చూడండి.

విచారణ ఇంకా నడుస్తుంటే: భాష, రికార్డు

ఈ భాగం మన జిల్లాలవారికి అన్నిటికంటే ముఖ్యమైనదని నా దృఢాభిప్రాయం. కోర్టు కొత్త సాక్ష్యం వినదు కాబట్టి విచారణ ఫైలులో ఉన్నదే మీ కేసు. ఒడిశాలో ఆ ఫైలు సాధారణంగా ఒడియాలోనూ, మహారాష్ట్రలో మరాఠీలోనూ నడుస్తుంది. సాక్షులు మాత్రం, ముఖ్యంగా సరిహద్దు పల్లెల్లో, తెలుగులో మాట్లాడతారు. హైకోర్టుకు చేరేసరికి అదంతా మళ్లీ ఇంగ్లీషులోకి మారుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కాశీనగర్ సమీపంలోని ఒక బడిలో ఉపాధ్యాయుడిపై అనుమతి లేకుండా గైర్హాజరైనట్లు అభియోగం వచ్చింది. గ్రామస్థుడు ఒకరు విచారణాధికారి ముందు "మాస్టారు ఆ వారం రాలేదండి, ట్రైనింగుకి పంపారని హెడ్‌మాస్టారు చెప్పారు" అని తెలుగులో చెప్పారు. కాగితం మీదికి ఒడియాలో ఎక్కినది మాత్రం మాస్టారు ఆ వారం రాలేదన్న మొదటి సగమే. గైర్హాజరు ఉద్దేశపూర్వకమని రుజువైతేనే అది దుష్ప్రవర్తన అవుతుందని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే రాయకుండా పోయిన రెండో సగమే ఆ ఉపాధ్యాయుడిని కాపాడే మాట. వాంగ్మూలం కింద ఆయన మారుమాట లేకుండా సంతకం చేసి ఇంటికి వెళ్లిపోతే, రెండేళ్ల తరువాత కటక్ హైకోర్టులో ఆయన న్యాయవాది ఆ మాటను ఎక్కడి నుంచీ తీసుకురాలేడు.

అటువంటి చోట చేయవలసినది కష్టమైన పని కాదు. వాంగ్మూలాన్ని చదివి వినిపించమని అడగండి. వదిలేసిన మాట ఉంటే అక్కడికక్కడే సాక్షిని ఎదురు ప్రశ్న వేసి ఆ మాటను మళ్లీ చెప్పించండి. అయినా నమోదు చేయకపోతే, సంతకం పైన "సాక్షి చెప్పినది పూర్తిగా నమోదు కాలేదు, అభ్యంతరంతో సంతకం చేస్తున్నాను" అని రాయండి. అదే రోజు విచారణాధికారికి ఒక లేఖ ఇచ్చి, ఏ మాట పోయిందో అందులో తెలుగులోనూ, ఒడియా లేదా మరాఠీలోనూ పేర్కొని, ముద్రతో రసీదు తీసుకోండి. మీకు సహాయకుడిని పెట్టుకునే అవకాశం ఉంటుంది కాబట్టి రెండు భాషలూ చదవగల సహోద్యోగినే ఎంచుకోండి. హోదా పెద్దదైన వ్యక్తి కంటే ఆయనే ఎక్కువ ఉపయోగపడతారు.

అభియోగ పత్రం అర్థంకాని భాషలో ఉంటే అనువాద ప్రతిని వెంటనే రాతపూర్వకంగా కోరండి. ఏళ్ల తరబడి ఆ భాషలోనే ఫైళ్లు రాసిన ఉద్యోగి, శిక్ష పడిన తరువాత తొలిసారిగా "నాకు ఒడియా రాదు" అంటే కోర్టు నమ్మే అవకాశం తక్కువ. ఇబ్బంది నిజమైనదైతే అది మొదటి లేఖలోనే కనిపించాలి. ప్రభుత్వాధికారికి ఇచ్చే వినతిని ఆ రాష్ట్రంలో గానీ దేశంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణ హామీ ఇస్తోంది. ఆచరణలో మాత్రం తెలుగు ప్రతికి ఒడియా, మరాఠీ లేదా ఇంగ్లీషు ప్రతిని జతచేసి ఇవ్వడమే క్షేమం.

అభియోగంలో పేర్కొన్న పత్రాల ప్రతులన్నీ అడగండి, ఇవ్వనివాటి జాబితా రాసి ఇవ్వండి. ఎఫ్.ఐ.ఆర్. వంటి కాగితాన్ని ఫైలులో పెట్టినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్లు కాదని, దాన్ని సాక్షి ద్వారా నిరూపించాలని రూప్ సింగ్ నేగీ కేసు చెబుతుంది. ఎన్ని అన్యాయాలు జరుగుతున్నా విచారణకు వెళ్లడం మానేయవద్దు. ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే, ముగిసిన విచారణను కోర్టులో కదిలించడం చాలా కష్టం. అభియోగ పత్రం దశలోనే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్) వేస్తే, అధికార పరిధి లేకపోవడం వంటి అరుదైన సందర్భాల్లో తప్ప, తొందరపాటుగానే భావించి తోసిపుచ్చుతారని కూనిశెట్టి సత్యనారాయణ కేసులో 2006లో స్పష్టమైంది.

అప్పీలును తేలికగా తీసుకోవద్దు

సాక్ష్యాన్ని మళ్లీ తూకం వేసి, శిక్షను తగ్గించే పూర్తి అధికారం ఉన్నది శాఖలోని అప్పీలు అధికారికే. వాస్తవాల మీద వాదించగలిగే చివరి చోటు అదే. అయినా మన ఉద్యోగులు "దయచూపండి, పిల్లలున్నారు" అని ఒక పేజీ రాసి ఇచ్చి, అసలు వాదనలన్నీ కోర్టు కోసం దాచుకుంటారు. జరగవలసినది దీనికి పూర్తిగా విరుద్ధం. ఏ అభియోగానికి ఏ సాక్ష్యం లేదో, ఏ నిబంధన తప్పారో, ఏ లేఖకు జవాబు రాలేదో అన్నీ తేదీలతో అప్పీలులో ఉండాలి. ఆ అంశాలను పట్టించుకోకుండా రెండు వాక్యాల్లో అప్పీలు కొట్టేస్తే, ఆ నిర్లక్ష్యమే కోర్టులో మీకు బలమైన కారణమవుతుంది. కేంద్ర ఉద్యోగులకు 1965 నాటి సి.సి.ఎ. నిబంధనల (క్రమశిక్షణ, అప్పీళ్ల సర్వీసు నిబంధనల) ప్రకారం అప్పీలు గడువు 45 రోజులు. ఒడిశా రాష్ట్ర ఉద్యోగులు 1962 నాటి, మహారాష్ట్ర రాష్ట్ర ఉద్యోగులు 1979 నాటి తమ సర్వీసు నిబంధనల్లోని గడువును ఉత్తర్వు అందిన రోజే చూసుకోవాలి.

ఏ గడప తొక్కాలి

ఒడిశా అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ 2019లో రద్దయింది. ఆ రద్దు సరైనదేనని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందువల్ల గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల రాష్ట్ర ఉద్యోగులు రాజ్యాంగం 226వ అధికరణ కింద నేరుగా కటక్‌లోని ఒడిశా హైకోర్టులో రిట్ పిటిషన్ వేయాలి. దూరం గురించి భయపడేవారికి ఒక ఊరట ఉంది. 2023లో హైకోర్టు పలు జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలను ఏర్పాటు చేసింది కాబట్టి, మీ జిల్లాలో అటువంటి కేంద్రం ఉంటే న్యాయవాది అక్కడి నుంచే వీడియో ద్వారా వాదించే వీలుంది. రిట్‌కు నిర్దిష్టమైన గడువు లేదన్నది నిజమే గాని, కారణం చెప్పలేని ఆలస్యాన్ని హైకోర్టు క్షమించదు. అప్పీలు తేలిన కొద్ది నెలల్లోనే దాఖలు చేయండి.

మహారాష్ట్రలో ట్రైబ్యునల్ ఇంకా పనిచేస్తోంది. గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల రాష్ట్ర ఉద్యోగులు నాగ్‌పూర్ ధర్మాసనానికీ, నాందేడ్ జిల్లావారు ఔరంగాబాద్, అంటే ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్, ధర్మాసనానికీ వెళ్లాలి. ఇక్కడ చాలామంది పొరబడేది జిల్లా పరిషత్ ఉద్యోగుల విషయంలో. జిల్లా పరిషత్ ఉపాధ్యాయులు, గ్రామసేవకులు వంటివారిపై ఆ ట్రైబ్యునల్‌కు అధికార పరిధి లేదు. వారికి 1964 నాటి వేరే నిబంధనలు ఉన్నాయి, శాఖాపరమైన అప్పీలు ముగిశాక వారు బాంబే హైకోర్టు ధర్మాసనానికే వెళ్లాలి. ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి 1977 చట్టం కింద స్కూల్ ట్రైబ్యునల్ ఉంది, అక్కడ అప్పీలు గడువు 30 రోజులే.

తపాలా, రైల్వే వంటి కేంద్ర శాఖలవారు కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ కటక్ లేదా ముంబై ధర్మాసనానికి దరఖాస్తు చేయాలి. సి.ఆర్.పి.ఎఫ్. వంటి బలగాలవారికి ఆ ట్రైబ్యునల్ వర్తించదు, వారు హైకోర్టుకే వెళ్లాలి. ట్రైబ్యునల్ ఉత్తర్వు మీద హైకోర్టు డివిజన్ బెంచికి (ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనానికి) వెళ్లే హక్కు 1997 నాటి ఎల్. చంద్రకుమార్ తీర్పు నుంచి స్థిరంగా ఉంది.

ట్రైబ్యునల్‌కు వెళ్లేవారు 1985 నాటి అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునళ్ల చట్టంలోని గడువు లెక్కను జాగ్రత్తగా చూసుకోవాలి. అప్పీలు మీద తుది ఉత్తర్వు వస్తే ఆ తేదీ నుంచి ఒక సంవత్సరం గడువు ఉంటుంది. మార్చి 10న అప్పీలు ఇచ్చి ఎటువంటి జవాబూ రాకపోతే, ఆరు నెలలు గడిచే సెప్టెంబరు 10 నుంచి ఏడాది లోపు, అంటే మరుసటి సెప్టెంబరు 10 లోగా దరఖాస్తు వేయాలి. మధ్యలో మంత్రిగారికీ కమిషనర్‌గారికీ ఇచ్చిన వినతిపత్రాలు ఎన్ని ఉన్నా గడువును పొడిగించవని ఎస్.ఎస్. రాథోర్ కేసు 1989లోనే చెప్పింది.

శిక్ష మరీ ఎక్కువైందని వాదించేటప్పుడు

తప్పు రుజువైందని అంగీకరిస్తూనే శిక్ష అతిగా ఉందని చెప్పవచ్చు. అయితే కోర్టు మనస్సాక్షిని కుదిపేసేంత అసమానత ఉంటేనే జోక్యం ఉంటుంది, అది కూడా సాధారణంగా శిక్షను పునఃపరిశీలించమని శాఖకే తిప్పి పంపడంతో ముగుస్తుంది. ఈ వాదనకు బలం చేకూరాలంటే మీ సర్వీసు రిజిస్టరు, గత శిక్షలు లేవన్న ఆధారం, ప్రభుత్వానికి నష్టం జరగలేదన్న లెక్క, అదే ఘటనలో అదే పాత్ర ఉన్న సహోద్యోగికి పడిన శిక్ష ఉత్తర్వు కావాలి. చివరిదానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి చూడండి. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి ఉత్తర్వు అందిన వారంలోనే అడగాలి. లంచం, నిధుల స్వాహా వంటి అభియోగాలు రుజువైనచోట ఈ వాదన మీద ఆశ పెట్టుకోవద్దని నిజాయితీగా చెప్పడం నా బాధ్యత.

పిటిషన్ కోసం చేయించిన ఇంగ్లీషు అనువాదాన్ని, సంతకం చేసే ముందు, మూల వాంగ్మూలంతో మీరే కూర్చుని పోల్చండి. టైపు కేంద్రంలో తొందరలో చేసిన అనువాదంలో తేదీలూ, "లేదు" అన్న మాటలూ తారుమారు కావడం అరుదేమీ కాదు, దాన్ని పట్టుకోగలిగినది ఆ విచారణ గదిలో ఉన్న మీరే.

ఉత్తర్వు రద్దయ్యాక

విచారణలో లోపం వల్ల శిక్ష రద్దయితే, చాలా సందర్భాల్లో ఆ లోపం జరిగిన దశ నుంచి విచారణను మళ్లీ నడిపే స్వేచ్ఛ శాఖకు ఉంటుంది. కాబట్టి కాగితాలు కట్టకట్టి పక్కన పెట్టేయకండి. పాత జీతం బకాయిల కోసం, తొలగింపు కాలంలో మీరు మరెక్కడా జీతం వచ్చే పని చేయలేదని పిటిషన్‌లోనే ప్రమాణపూర్వకంగా చెప్పి ఉండాలి. ఆ మాట చెబితే, కాదని నిరూపించే భారం యాజమాన్యం మీద పడుతుందని మహారాష్ట్రకు చెందిన ఒక ఉపాధ్యాయురాలి కేసులో, దీపాలి సుర్వసే తీర్పుగా పేరుపొందినదానిలో, 2013లో సుప్రీంకోర్టు వివరించింది.

తీర్పు ధ్రువీకృత ప్రతిని శాఖాధిపతికి, మీ పై అధికారికి, జీతాల బిల్లు చేసే కార్యాలయానికి విడివిడిగా ఇచ్చి మూడు రసీదులు తీసుకోండి. తీర్పులో చెప్పిన గడువు దాటినా అమలు కాకపోతే ధిక్కరణ పిటిషన్ వేయవచ్చు. దానికి ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి ఒక సంవత్సరమే గడువు, ఆ తేదీని నిరూపించేవి మీ దగ్గరున్న ఆ రసీదులే.